క్లాసంతా ఉత్సాహంగానే ఉంది, మరి పాఠం ఎందుకు గుర్తుండటం లేదు?

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. ఆరేళ్ల సర్వీసు. క్లాసులో 42 మంది పిల్లలు. కిందటేడు ఒక ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాక నా పద్ధతి పూర్తిగా మార్చుకున్నాను. వీడియోలు చూపిస్తున్నాను, మోడల్స్ చేయిస్తున్నాను, టీములుగా క్విజ్ పెట్టి స్టిక్కర్లు ఇస్తున్నాను. పిల్లలు నా పీరియడ్ కోసం ఎదురు చూస్తుంటారు. మొన్న కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని నాటకం వేయించాను. ఒకడు సూర్యుడు, ఒకమ్మాయి ఆకు, ఇద్దరు నీళ్లు. అందరూ ఎంత బాగా చేశారో! "అర్థమైందా?" అంటే "అర్థమైంది మేడమ్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది. మూడు వారాల తర్వాత టెస్ట్ పెడితే సగానికి పైగా "చెట్టు తన ఆహారాన్ని మట్టి నుంచి తీసుకుంటుంది" అని రాశారు. పేపర్లు దిద్దుతూ ఏడ్చేశాను. మా స్కూల్లోనే ఇంకో టీచర్ నోట్స్ రాయించి బట్టీ పట్టిస్తారు. ఆవిడ సెక్షన్‌కే మార్కులు ఎక్కువ వస్తున్నాయి. నేను ఏది అడిగినా చెయ్యెత్తేది అయిదారుగురే. చివరి బెంచీలో ఒకమ్మాయి ఉంది, నోట్‌బుక్ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుతుంది, ఏడాదిగా నా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. నా పద్ధతి తప్పా? ఆటపాటలు మానేసి పాత పద్ధతికి వెళ్లిపోనా? పరిశోధనలు ఏం చెప్తున్నాయో తెలుసుకుందామన్నా అవన్నీ చదివే టైమ్ నాకు లేదు. దయచేసి చెప్పండి.

సమాధానం:

టీచర్ గారూ,

పేపర్లు దిద్దుతూ ఏడ్చేశానని రాశారు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇరవై రెండేళ్లు నేనూ సైన్స్ చెప్పాను. ఎంతో ఇష్టంగా చెప్పిన పాఠం మూడు వారాలకే పిల్లల్లో ఆనవాలు లేకుండా పోతే మనసుకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. ఆటపాటలు మానేయక్కర్లేదు. మీ తోటి టీచర్ దారిలోకి వెళ్లక్కర్లేదు. మార్చాల్సింది ఇంకొకటి ఉంది. పాఠం ఎక్కిందా లేదా అన్నది మీరు ఇప్పటిదాకా పిల్లల ముఖాలు చూసి తేల్చుకుంటున్నారు. ముఖంలో కనిపించేది సంతోషం. పాఠం తలకెక్కిందీ లేనిదీ అందులో తెలియదు. అది తెలియాలంటే ప్రతి ఒక్కరి చేతా, పుస్తకం మూయించి, ఏదో ఒకటి చెప్పించాలి లేదా రాయించాలి. ఇంకో విశేషం ఏమిటంటే, అలా చెప్పించడం వల్ల తెలియడమే కాదు, నేర్చుకోవడం కూడా అప్పుడే జరుగుతుంది. నేను రాయబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మీ నాటకం దగ్గరికే వద్దాం. సూర్యుడి వేషం వేసిన పిల్లవాడు ఆ నలభై నిమిషాలూ దేని గురించి ఆలోచించి ఉంటాడు? తన కిరీటం గురించి, తన వంతు ఎప్పుడొస్తుందా అని, డైలాగు మర్చిపోతానేమో అని, స్నేహితులు నవ్వుతారేమో అని. కార్బన్ డయాక్సైడ్ గురించి ఆలోచించే అవసరం వాడికి ఎక్కడా రాలేదు. డేనియల్ విల్లింగ్‌హామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టీచర్ల కోసం రాసిన వాటిలో ఈ సంగతి పదేపదే చెప్తారు. పాఠంలో పిల్లవాడి మనసు దేని మీద పనిచేసిందో అదే జ్ఞాపకంలో మిగులుతుంది. మీ పిల్లల్ని ఇవాళ అడిగి చూడండి, ఎవరు ఏ వేషం వేశారో తడుముకోకుండా చెప్తారు. వాళ్ల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. మనం వాళ్ల ఆలోచనను పాఠం దగ్గరికి తీసుకెళ్లలేదు, అంతే.

పిల్లలు క్లాసులో లీనమవడం గురించి 2004లో ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, ప్యారిస్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పనినంతా సమీక్షించారు. లీనమవడం అంటే ఒకటి కాదు, అందులో మూడు రకాలున్నాయని వాళ్లు విడదీసి చూపించారు. చెప్పిన పని చేయడం, క్రమశిక్షణతో పాల్గొనడం ఒకటి. ఆ క్లాసంటే, ఆ టీచరంటే, తోటి పిల్లలంటే ఇష్టం ఉండటం రెండోది. మూడోది మనసు పెట్టి, కష్టమైనా వదలకుండా విషయంతో కుస్తీ పట్టడం. మొదటి రెండూ బయటికి కనిపిస్తాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకీ అవే కనిపిస్తాయి. మూడోది కనిపించదు. ఒక్కోసారి అది జరుగుతున్నప్పుడు క్లాసు డల్‌గా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. అందరూ తలలు దించుకుని, కనుబొమలు ముడివేసుకుని ఉంటారు. మీ క్లాసులో మొదటి రెండూ నిండుగా ఉన్నాయి. అవి లేక ఎంతమంది టీచర్లు అవస్థ పడుతున్నారో! మీరు కట్టుకోవాల్సింది మూడోది మాత్రమే.

ఇక మీ తోటి టీచర్ గురించి. ఆవిడ సెక్షన్‌కి మార్కులు ఎక్కువ వస్తున్నాయంటే అందులో కొంత నిజమైన కారణం ఉంది, దాన్ని మనం తోసిపుచ్చకూడదు. బట్టీ పట్టించేవాళ్లు పిల్లల చేత అప్పజెప్పిస్తారు. అప్పజెప్పడమంటే పుస్తకం చూడకుండా తలలోంచి బయటికి తీయడం. తెలిసో తెలియకో ఆవిడ అక్కడ సరైన పని చేస్తున్నారు. అయితే అర్థాన్ని వదిలి వాక్యాన్ని మాత్రమే బయటికి తీయిస్తున్నారు కాబట్టి, ప్రశ్న కాస్త మార్చి అడిగితే ఆ పిల్లలు నిలబడలేరు. మీరేమో అర్థం మీద పెట్టిన శ్రద్ధంతా పెట్టి, బయటికి తీయించే పని వదిలేశారు. ఈ రెండూ కలవాలి.

ఈ "బయటికి తీయడం" గురించి చాలా పరిశోధన జరిగింది. నాకు అన్నిటికంటే నచ్చినది 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె చేసిన ప్రయోగం. కాలేజీ విద్యార్థులకు ఒక పేజీ విషయం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు దఫాలు చదివారు. ఇంకొందరు ఒక్క దఫా చదివి, తర్వాత మూడు దఫాలు పేజీ చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు దఫాలు చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకు సుమారు 83 శాతం గుర్తుంది, రెండో గుంపుకి 71 శాతమే. వారం తర్వాత పరీక్ష పెట్టేసరికి మొత్తం తారుమారైంది. చదివి చదివి ఊరుకున్నవాళ్లకు 40 శాతం మిగిలింది, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. అసలు సంగతి ఇంకొకటుంది. మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు దఫాలు చదివినవాళ్లే. అంటే, బాగా వచ్చేసిందన్న ఆ నమ్మకమే వాళ్లను మోసం చేసింది.

ఇప్పుడు మీ క్లాసు ఒక్క గొంతుతో "అర్థమైంది మేడమ్" అనడం గుర్తు తెచ్చుకోండి. పిల్లలు అబద్ధం చెప్పలేదు. ఆ నిమిషంలో వాళ్లకు నిజంగానే అర్థమైనట్టు అనిపించింది. అప్పుడే విన్నది తలలో ఇంకా తాజాగా ఉంటుంది కాబట్టి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. రాబర్ట్ బ్యోర్క్ అనే పరిశోధకుడు దశాబ్దాలుగా ఈ తేడా గురించే చెప్తూ వచ్చారు. క్లాసు జరుగుతున్నప్పుడు పిల్లలు చూపించేది ఒకటి, తర్వాత నిలబడేది ఒకటి. క్లాసులో సులువుగా, సాఫీగా సాగిపోయింది తొందరగా చెరిగిపోవచ్చు. తడబడుతూ, తప్పులు చేస్తూ సాగింది గట్టిగా నిలబడవచ్చు.

ఇది కాలేజీ వాళ్ల సంగతి కదా, నా ఎనిమిదో తరగతి పిల్లలకు వర్తిస్తుందా అంటారేమో. మీలాంటి క్లాసులోనే చేసి చూశారు. మార్క్ మెక్‌డానియెల్, రోడిగర్, పూజా అగర్వాల్ మొదలైనవాళ్లు 2011లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఎనిమిదో తరగతి సైన్స్ క్లాసుల్లో జరిగింది. పాఠంలో కొన్ని అంశాల మీద చిన్న చిన్న క్విజ్‌లు పెట్టి, ఆ వెంటనే సరైన జవాబు చెప్పారు. మరికొన్ని అంశాల మీద ఏ క్విజ్ లేదు. యూనిట్ పరీక్షలో క్విజ్ పెట్టిన అంశాల్లోనే పిల్లలు స్పష్టంగా బాగా రాశారు. పరీక్షలంటేనే టెన్షన్ పడే పిల్లల మాటేమిటన్న సందేహం కూడా వస్తుంది. 2014లో అగర్వాల్ బృందం 1,408 మంది స్కూలు పిల్లల్ని అడిగితే, ఇలాంటి చిన్న క్విజ్‌ల వల్ల అసలు పరీక్షల ముందు తమకు భయం తగ్గిందని 72 శాతం మంది చెప్పారు. వాటికి మార్కుల బరువు లేకపోవడం, తప్పు రాసినా నష్టం లేకపోవడం ఇక్కడ కీలకం.

కాబట్టి ఒక పని చేయండి. ప్రతి పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు దీనికి కేటాయించండి. బోర్డు మీద మూడు ప్రశ్నలు. ఒకటి నిన్నటి పాఠంలోంచి, ఒకటి పోయిన వారంలోంచి, ఒకటి పోయిన నెలలోంచి. నోట్‌బుక్ మూసి, చిన్న కాగితం మీద రాయమనండి. రాశాక మీరు జవాబు చెప్పండి, వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించవద్దు. మీకు దిద్దే పని కూడా ఉండదు. పోయిన నెల ప్రశ్నకు మొదట్లో క్లాసంతా తెల్లమొహం వేస్తుంది. కంగారు పడకండి. మర్చిపోవడం మొదలయ్యాక కష్టపడి గుర్తు తెచ్చుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది. చదివిన వెంటనే వరసగా వల్లె వేయడం కంటే మధ్యలో రోజులు వదిలి గుర్తు చేసుకోవడం మేలన్నది, 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని మరుపు గురించి రాసినప్పటి నుంచి నేటి దాకా మళ్లీ మళ్లీ రుజువవుతూ వచ్చిన విషయం.

లెక్కలు చెప్పే మీ తోటివాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. ఒకే రకం లెక్కలు వరసగా పది చేయించే బదులు రకరకాల లెక్కలు కలిపి ఇస్తే ఏమవుతుందో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో చూశారు. సాధన చేస్తున్నప్పుడు ఒకే రకం చేసినవాళ్లకు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవాళ్లకు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63 శాతం. ఒకే రకం వరసగా చేసేటప్పుడు ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు. పరీక్షలో మాత్రం మొదట తేల్చుకోవాల్సింది అదే.

ఇప్పుడు ఆ అయిదారుగురు చేతుల సంగతి. ఇది నా మనసుకు చాలా దగ్గరి విషయం.

మనం ప్రశ్న అడుగుతాం. అయిదు చేతులు లేస్తాయి. ఒకరు జవాబు చెప్తారు. "వెరీ గుడ్" అని ముందుకు వెళ్తాం. క్లాసు చురుగ్గా ఉన్నట్టే ఉంటుంది. ఆ కాసేపట్లో మిగతా 37 మంది తలలో ఏం జరిగిందో మనకు తెలియదు. వాళ్లు ఆలోచించాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే ఎవరో ఒకరు చెప్పేస్తారని వాళ్లకు తెలుసు. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్స్ క్లాసుల టేపులు విని ఒక సంగతి పట్టుకున్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆలోపు జవాబు రాకపోతే తామే చెప్పేస్తున్నారు, లేదా ఇంకొకర్ని అడుగుతున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచేసరికి పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు, "తెలీదు" అనడం తగ్గింది. ఖర్చు లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు. కానీ ఆ మూడు సెకన్లు బోర్డు ముందు నిలబడి మౌనంగా ఉండటం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి. నేను అలాగే అలవాటు చేసుకున్నాను.

ఆగడంతో పాటు చేతులెత్తే పద్ధతి కూడా మార్చండి. "అందరూ జవాబు రాయండి, రాశాక పైకెత్తి చూపించండి" అనండి. ప్రతి ఒక్కరి దగ్గరా చిన్న పలక ఉంటే సరే, లేకపోతే రఫ్ కాగితం చాలు. 42 జవాబులు ఒక్కసారిగా మీ కళ్ల ముందుంటాయి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో టెస్ట్ దాకా ఆగకుండా అప్పుడే తెలుస్తుంది.

మీ చెట్టు పాఠంతోనే చూపిస్తాను. బోర్డు మీద ఈ ప్రశ్న రాయండి: "చిన్న గింజ పెద్ద చెట్టైంది. ఆ చెట్టు ఎండిన కట్టెలోని బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటి మట్టి, రెండు నీళ్లు, మూడు గాలి, నాలుగు ఎండ." ఒక్క నిమిషం ఎవరితోనూ మాట్లాడకుండా ఒక అంకె రాయమనండి. కాగితాలు పైకెత్తించి చూడండి. సరైన జవాబు మాత్రం చెప్పవద్దు. తర్వాత "మీ పక్కన వేరే జవాబు రాసినవాళ్లను వెతుక్కుని, మీదే ఎందుకు సరైందో వాళ్లను ఒప్పించండి" అనండి. మూడు నిమిషాలు. అప్పుడు మళ్లీ రాయమనండి.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. తన విద్యార్థులు సూత్రాలతో లెక్కలు చేసేస్తున్నారు, మౌలికమైన చిన్న ప్రశ్న అడిగితే తప్పు చెప్తున్నారు అని గమనించాక ఆయన లెక్చర్‌ను ఇలా మార్చుకున్నారు. పక్కవాడితో మాట్లాడితే తెలివైనవాడి జవాబు కాపీ కొట్టడమే కదా అన్న అనుమానం నాకూ ఉండేది. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ క్లాసులో దీన్ని పరీక్షించారు. చర్చ అయ్యాక అదే విషయం మీద కొత్త ప్రశ్న ఇచ్చి విడిగా రాయించారు. గుంపులో మొదట ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట కూడా చర్చ తర్వాత మెరుగుదల కనిపించింది. ఎదుటివాడికి వివరించబోయేసరికి తన ఆలోచనలోని కంత తనకే కనిపిస్తుంది.

చర్చ అయ్యాక ఈ కథ చెప్పండి. 17వ శతాబ్దంలో వాన్ హెల్మోంట్ అనే ఆయన కుండీలో మట్టిని తూకం వేసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లైంది. మట్టి తగ్గింది రెండు ఔన్సులే. మరి మిగతా బరువెక్కడిది? నీళ్ల నుంచే అని ఆయన తేల్చేశాడు. అంత ఓపికగా కొలిచిన మనిషి కూడా గాలిని లెక్కలోకి తీసుకోలేదు. కట్టెలో ఉన్న కార్బన్ అంతా ఆకు గాలిలోంచి పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందేనని పిల్లలకు అప్పుడు చెప్పండి. తాము రాసి, వాదించి, తప్పనిపించుకున్న జవాబు పక్కనే సరైన జవాబు వచ్చి నిలబడుతుంది. "మట్టి నుంచి ఆహారం" అన్న నమ్మకం చిన్నప్పటి నుంచీ వాళ్లలో పాతుకుపోయి ఉంది. మొక్క వేళ్లు మట్టిలో ఉంటాయి, ఎరువు మట్టికే వేస్తాం, ఇంకేమనుకుంటారు పాపం! ఆ నమ్మకాన్ని ముందు బయటికి లాగకుండా దాని పైన ఎంత మంచి పాఠం చెప్పినా, పరీక్ష రోజున పాతదే పైకి తేలుతుంది. మీ టెస్ట్‌లో జరిగింది అదే.

అలాగని వివరించి చెప్పడం తప్పని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్త విషయాన్ని మొదటిసారి పరిచయం చేసేటప్పుడు స్పష్టంగా, చిన్న ముక్కలుగా, ఉదాహరణతో చెప్పే టీచర్‌కి ప్రత్యామ్నాయం లేదు. ఏమీ తెలియని విషయాన్ని తమంతట తామే కనుక్కోమని పిల్లల్ని వదిలేస్తే, ఒకేసారి తలలో పట్టగలిగే దానికంటే ఎక్కువ బరువు పడి వాళ్లు దారి తప్పుతారని జాన్ స్వెల్లర్ 1980ల నుంచి చేసిన పని చూపిస్తోంది. పది నిమిషాలు చెప్పండి, తర్వాత వాళ్ల తలకు పని పెట్టండి. నలభై నిమిషాలూ చెప్తూ పోవడంతోనే చిక్కు.

ఇలా విద్యార్థుల తలకు పని పెట్టే బోధనను మామూలు లెక్చర్‌తో పోల్చి చూసిన 225 అధ్యయనాలను 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం ఒకచోట చేర్చింది. అన్నీ కాలేజీ స్థాయి సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల క్లాసులే. లెక్చర్ మాత్రమే విన్న క్లాసుల్లో దాదాపు 34 శాతం మంది ఫెయిలయ్యారు, విద్యార్థుల చేత పని చేయించిన క్లాసుల్లో దాదాపు 22 శాతం. ఆ తేడాలో ఉన్నవాళ్లు లెక్కల్లో అంకెలు కాదు, చదువు మానేయబోయి ఆగిపోయిన మనుషులని నేను అనుకుంటాను.

ఒక హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి. ఈ మార్పు మొదలుపెట్టిన రెండు మూడు వారాలు మీ పిల్లలు గొణుగుతారు. "ఇదివరకు మీ క్లాసు బాగుండేది మేడమ్" అని ముఖం మీదే అనవచ్చు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో లూయీ డెలోరియే, ఆయన సహచరులు ఒక పరిశీలన చేశారు. ఒకే విషయాన్ని కొందరికి చక్కటి లెక్చర్‌గా చెప్పారు, కొందరి చేత ముందు లెక్కలు ప్రయత్నింపజేసి తర్వాత వివరించారు. పరీక్షలో రెండోవాళ్లు బాగా రాశారు. ఎంత నేర్చుకున్నామనుకుంటున్నారని అడిగితే మాత్రం లెక్చర్ విన్నవాళ్లే మేం ఎక్కువ నేర్చుకున్నాం అన్నారు. తల కష్టపడుతుంటే, నాకు రావట్లేదు అన్న భావన కలుగుతుంది. పెద్ద పిల్లలకే అలా ఉంటే మీ పిల్లలకు చెప్పక్కర్లేదు. అందుకే మొదటి రోజే వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పండి. రోడిగర్ ప్రయోగం పిల్లలకు భలే నచ్చుతుంది. వీలైతే వాళ్ల మీదే చేసి చూపించండి. సగం క్లాసు ఒక పేరాను రెండుసార్లు చదవాలి, సగం క్లాసు ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాయాలి, వారం తర్వాత టెస్ట్. తమ కళ్లతో చూసుకున్నది నమ్ముతారు.

స్టిక్కర్ల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని చెప్పి ఇచ్చారు. వారం రెండు వారాల తర్వాత, ఏ బహుమతీ లేకుండా స్వేచ్ఛగా వదిలితే, ఆ పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగమే ఉంది. అప్పటికే ఇష్టంగా చేస్తున్న పనికి ముందే చెప్పి బహుమతి పెడితే, ఆ ఇష్టం బహుమతి మీదికి మళ్లుతుంది. మీ పిల్లలు మీ పీరియడ్‌ను ఇష్టంగానే ఎదురు చూస్తున్నారు కదా. స్టిక్కర్లు ఒక్కసారిగా ఆపితే బాధపడతారు, మెల్లగా తగ్గించండి. ఎప్పుడైనా ఒక మంచి ప్రశ్న అడిగిన పిల్లవాడికి చెప్పకుండా ఇవ్వండి, అందులో తప్పు లేదు.

ఇలాంటిదే మార్కుల సంగతి. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో అయిదు, ఆరు తరగతుల పిల్లలతో చూశారు. కొందరి కాగితాల మీద మార్కులు మాత్రమే వేశారు, కొందరికి ఎక్కడ ఏం బాగుందో, ఏం మెరుగుపరచుకోవాలో మాటల్లో రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. మాటలు మాత్రమే అందుకున్న పిల్లలే తర్వాతి పనిలో మెరుగయ్యారు, వాళ్ల ఆసక్తి కూడా నిలబడింది. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనపడగానే పక్కన రాసింది ఎవరూ చదవరు. మనం పడిన కష్టమంతా వృథా. 42 మందికి ప్రతిసారీ మాటలు రాయడం మీ వల్ల కాదు, నాకు తెలుసు. నెలకొక్కసారి, ఒక్క ప్రశ్నకు, మార్కు వేయకుండా ఒక్క వాక్యం రాసి, దాని ప్రకారం సరిదిద్దుకుని తిరిగి ఇవ్వమనండి. సరిదిద్దుకునే పని ఇవ్వకపోతే ఆ వాక్యానికి ప్రయోజనం ఉండదు.

"ఈ పిల్లవాడు చూసి నేర్చుకుంటాడు, ఆ పిల్లవాడు విని నేర్చుకుంటాడు" అని పిల్లల్ని విడదీసి బోధించమని మీ ట్రైనింగ్‌లో చెప్పి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. దానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తేల్చింది. బొమ్మా, మాటా రెండూ అందరికీ కావాలి.

నేను చెప్పినవాటిలో చాలా ప్రయోగాలు కాలేజీల్లో, కొన్ని స్కూళ్లలో జరిగాయి. మీ క్లాసు మీ క్లాసే. రాత్రి నిద్ర లేని పిల్లవాడు, బోర్డు సరిగ్గా కనపడని పిల్లవాడు, ఇంట్లో గొడవలతో మనసు చెదిరినవాడు మీ 42 మందిలో ఉండే ఉంటారు. వాళ్లకు ఏ క్విజ్ పద్ధతీ మొదటి మందు కాదు. ఆ సంగతి వాళ్లను రోజూ చూసే మీకే తెలుస్తుంది. పద్ధతులన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి కూడా. మొదటి నెల అయిదు నిమిషాల మూడు ప్రశ్నలు, మూడు సెకన్లు ఆగడం, అంతే. తర్వాత వారానికొకసారి చెట్టు ప్రశ్నలాంటిది. మీ నాటకాన్ని కూడా వచ్చే ఏడాది మళ్లీ వేయించండి. అయితే పాఠం అయ్యాక వేయించండి, డైలాగులు మీరు ఇవ్వకండి. "ఆకు తన దగ్గరికి ఏమేం వచ్చాయో, తన నుంచి ఏమేం బయటికి వెళ్లాయో చెప్పాలి, ఒక్కటి తప్పినా మిగతావాళ్లు ఆపి అడగాలి" అని నియమం పెట్టి డైలాగులు పిల్లల చేతే రాయించండి. అప్పుడు కిరీటం గురించి ఆలోచించినా కార్బన్ డయాక్సైడ్ గురించి ఆలోచించక తప్పదు.

నా క్లాసులో జరిగిన ఒక సంగతి చెప్తాను. చాలా ఏళ్లు నేనూ "అర్థమైందా?" అనే అడిగాను. ఒక రోజు పాఠం బాగా కుదిరిందన్న సంతోషంలో, కాగితం ముక్కలు ఇచ్చి ఇవాళ ఏం నేర్చుకున్నారో రెండు వాక్యాలు రాయమన్నాను. ఇంటికి తీసుకెళ్లి చదువుతుంటే ఒక కాగితం మీద "ఈ రోజు మేడమ్ చాలా బాగా చెప్పారు" అని మాత్రమే ఉంది. ఆ పిల్లవాడికి పాఠంలోంచి రాయడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు. నన్ను నొప్పించకూడదని ఆ వాక్యం రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మర్నాటి నుంచి నేను "అర్థమైందా?" అని అడగలేదు.

చివరి బెంచీ అమ్మాయి గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నన్ను వదలడం లేదు. ముత్యాల్లాంటి అక్షరాలతో నోట్‌బుక్ నింపే పిల్ల ఏడాదిగా మాట్లాడలేదంటే ఆమెకు రాదని అనుకోవద్దు, వచ్చనీ అనుకోవద్దు. ఇప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు, అంతే తెలుసు మనకు. లేపి నిలబెట్టి అడగకండి, భయపడిపోతుంది. సోమవారం మూడు ప్రశ్నలు పెట్టినప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ ఆమె కాగితం చూడండి. జవాబుల్లో ఒకటి బాగుంటే, అక్కడే వంగి మెల్లగా "దీన్ని పక్కమ్మాయికి వివరిస్తావా?" అనండి. అందరి ముందు మాట్లాడటం తర్వాతి సంగతి. మంగళవారం కూడా అలాగే, బుధవారం కూడా అలాగే.

ఆ కాగితం మీద ఆమె ఏం రాసిందో, వీలైతే నాకు రాసి పంపండి.